తలతిరుగుడు బాధితులు – రమజాన్ సన్నాహం

 



షాబాన్ మాసం నడుస్తున్నది. రమజాన్ సమీపించిన కొద్దీ కొందరు మా వద్దకు వచ్చి, "మౌలానా సాబ్, రోజా ఉంటే గోడలు తిరిగినట్లవుతుంది, కాలు నిలువదు" అని వాపోతారు. వారిలో పలువురికి వైద్యులు నిర్ధారించినది మైగ్రేన్ వల్ల కలిగే తలతిరుగుడు. ప్రతిసారీ తలనొప్పి ఉండాలని లేదు. అది 5 నిమిషాలలో తగ్గవచ్చు, 72 గంటలూ వేధించవచ్చు. దిష్టి అనో, గాలి సోకిందనో తాయెత్తుల కోసం పరుగులు తీయడం మేము ఎరుగుదుము. దుఆ చేయండి, ఎవరూ వద్దనరు. కాని రోగిని వైద్యునికి చూపకుండా ఆమిల్ గుమ్మంలో కూర్చోబెట్టడం ధర్మం కాదు. మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలుసేతులు పట్టు తప్పినా అది వేరే జబ్బు కావచ్చు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

మందుల సంగతి వైద్యునిది. మన చేతిలో ఉన్నది దినచర్య. ఈ జబ్బుకు మార్పు గిట్టదు. నిద్ర వేళ మారినా, భోజనం తప్పినా, నీరు తగ్గినా అది లేచి కూర్చుంటుంది. ఇషాకు ముందు నిద్రను, ఇషా తరువాత కాలక్షేపపు మాటలను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. మన పేటల్లోనో, చాయ్ దుకాణాలు నిండేదే ఇషా తరువాత! రోజుకు ఆరు కప్పులు త్రాగేవారు మొదటి రోజానాడు ఒక్కసారిగా మానితే ఆ మానడమే బాధను రేపగలదు. కనుక ఇప్పటినుండే ఒక్కొక్క కప్పు తగ్గించుకుంటూ రండి. బాధ వచ్చిన రోజు ముందు ఏమి తిన్నారో, ఎంత నిద్రించారో ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఎవరికి ఏది పడదో అదే చెబుతుంది. రోజూ కొంత నడక మంచిది. తూలుడు మిగిలిపోయినవారికి ఫిజియోథెరపిస్టులు నేర్పే వ్యాయామాలున్నాయి.

ఇంత చేసినా ఉపవాసం పడదని వైద్యుడు చెబితే, రోగికి తరువాతి రోజుల్లో లెక్క పూర్తిచేసుకునే అనుమతి ఖుర్ఆన్‌లోనే, బఖరా సూరాలోనే ఉన్నది. సిగ్గుపడి రోజా ఉండి కూలబడేవారికన్నా, వారిని సిగ్గుపడేలా చూసేవారికే మేము ఈ మాట చెబుతున్నాము. నమాజు విషయమూ అంతే. మూలవ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు దైవప్రవక్త (స) నిలబడలేకపోతే కూర్చొని, అదీ కాకపోతే ప్రక్కకు ఒరిగి నమాజు చేసుకోమన్నారు. సజ్దాలో తల వంచగానే లోకం గిర్రున తిరిగేవారు కూర్చొని సైగతో చేసుకోవచ్చు.

మస్జిద్ కమిటీవారికి ఒక విన్నపం. ఘాటు వాసనలు, మిణుకు వెలుతురు ఈ రోగులలో కొందరికి పడవు. తరావీహ్ వేళ ఊదు పొగ తగ్గించండి, వజూఖానా వద్ద కొట్టుకుంటున్న ట్యూబులైటు మార్పించండి, గోడ ప్రక్కన నాలుగు కుర్చీలు వేయించండి.