రౌటర్ తాళం ఎవరి చేతిలో?



మీ సహాయంతో పాఠశాలల్లో కంప్యూటర్ గదులు వెలుస్తున్నాయి. కంప్యూటర్లు ఎన్నో మనం లెక్క చూసుకుంటాం. వాటన్నిటినీ ఇంటర్నెట్‌కు కలిపే రౌటర్ సంగతి మాత్రం ఎవరూ అడగరు. దాని అమరికలు మార్చగలవారు గదిలోని కనెక్షన్లన్నీ ఒక్క ఆదేశంతో ఆపేయగలరు, బయటివారికి దారి తెరవగలరు.

సంస్థ బీరువా తాళంచెవి మనం నలుగురికీ ఇవ్వం. లెక్క రాసేవారు ఒకరు, చెక్కుపై సంతకం చేసేవారు మరొకరు. రౌటర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. సిస్కో రౌటర్లలో 0 నుంచి 15 వరకు 16 అధికార స్థాయిలుంటాయి. 1వ స్థాయివారు కొన్ని వివరాలు చూడగలరు, అమరికలు మార్చలేరు. 15వ స్థాయివారికి అన్నీ చేతిలోనే. మధ్య స్థాయిల్లో ఏ ఆదేశాలుండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ల్యాబ్ సహాయకుడికి 5వ స్థాయి ఇచ్చి, పోర్టు మూసి తెరిచే పని వరకే అప్పగించవచ్చు.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఎవరు ఏం మార్చారో తేలదు. నిందకు అమాయకుడూ గురవుతాడు. అందుకే ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్ వారికే ఉండాలి. ఉద్యోగం మానినవారి పేరు ఆ రోజే తీసేయాలి. దూరం నుంచి రౌటర్‌లోకి వెళ్లడానికి టెల్నెట్ వద్దు. అందులో పాస్‌వర్డ్ బహిరంగంగానే ప్రయాణిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని గుప్తంగా పంపుతుంది.

ఈసారి కంప్యూటర్ గదికి విరాళమిచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: 15వ స్థాయి ఎందరికి ఉంది? జవాబు "అందరికీ" అయితే, ముందు అది సరిచేయించండి. అనుమానించడానికి కాదు, అక్కడ పనిచేసేవారిని అనుమానం నుంచి కాపాడడానికే.