16 ఏళ్లప్పుడు అన్న మాట
(యువజన సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మమ్మల్ని ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. అక్కడే మొదలుపెడతాం. మన పిల్లవాడు ఒకడికి ఈమధ్య కొలువు వచ్చింది. వారం తిరక్కుండానే ఒక పాత స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. 2017లో, ఆదివాసీ-లంబాడా వివాదం వేడి మీదున్న రోజుల్లో, లంబాడా ఆడవాళ్ల గురించి అతను పెట్టిన పోస్టు అది. అప్పుడతనికి 16 ఏళ్లు. అందులో ఏముందో ఇక్కడ చదవం. చదివితే మా చెల్లెళ్లు లేచి వెళ్లిపోతారు.

కొలువు పీకించాలని అటువాళ్లు. చిన్నతనం, వదిలేయండని మనవాళ్లు. సంఘం ఏమంటుందని ఇద్దరూ అడిగారు.

వదిలేయమనడానికి మాకు నోరు రాలేదు. టౌను హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు మమ్మల్ని క్లాసులో 'అడివోళ్లు' అనేవాళ్లు. మంచి మార్కులొస్తే 'కోటా' అని నవ్వేవాళ్లు. అన్నవాళ్లూ 15 ఏళ్ల పిల్లలే. వాళ్లకిప్పుడు గుర్తు కూడా ఉండదు. మాకు మాత్రం మేం కూర్చున్న బెంచీ ఎక్కడుండేదో ఇప్పటికీ గుర్తే.

చట్టం సంగతి చూద్దాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే దాని కింద నేరం. కానీ అది ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల మీదే పెట్టే కేసు. గోండు లంబాడాను తిట్టినా, లంబాడా గోండును తిట్టినా అది వర్తించదు. కేసు లేదు కాబట్టి తప్పు లేదనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు.

ఇంకో చట్టం 2015 నాటి బాలల న్యాయ చట్టం. 18 నిండకముందు చేసిన నేరం ఆ పిల్లవాడికి రేపు అనర్హత కాకూడదని, గడువు తీరాక ఆ రికార్డు చెరిపేయాలని అది చెబుతుంది. 16 దాటినవాళ్లు చేసే అతి ఘోరమైన నేరాల విషయంలోనే మినహాయింపు. అంటే దొంగతనం చేసిన పిల్లవాడి ఫైలు పోతుంది. నోరు పారేసుకున్న పిల్లవాడి స్క్రీన్‌షాట్ ఎవరి ఫోన్లోనో ఉండనే ఉంటుంది.

మీకు క్రికెట్ ఇష్టం కదా. ఇంగ్లండ్ బౌలర్ ఆలీ రాబిన్సన్ 2021 జూన్‌లో లార్డ్స్‌లో మొదటి టెస్టు ఆడుతున్న రోజే అతని పాత ట్వీట్లు బయటపడ్డాయి. 18, 19 ఏళ్ల వయసులో జాతుల మీద, ఆడవాళ్ల మీద రాసిన రోత రాతలు. బోర్డు పక్కన పెట్టింది. విచారణ జరిగి జరిమానా పడింది, 8 మ్యాచ్‌ల నిషేధం పడింది. అందులో 5 మ్యాచ్‌లది వెంటనే అమలు చేయలేదు. ఆగస్టులో తిరిగొచ్చి మన జట్టు మీదే లీడ్స్‌లో ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు. ఆ రోజు మేమూ టీవీ ముందు తిట్టుకున్నాం, అది వేరే సంగతి. శిక్ష పడింది, దానికో చివరా ఉంది.

అజీమ్ రఫీక్ కథ మనకింకా దగ్గరిది. యార్క్‌షైర్ క్లబ్బులో తనకు జరిగిన జాతి అవమానాల గురించి 2021 నవంబరులో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. రెండు రోజులకే, 2011లో యూదుల గురించి అతను రాసిన నీచమైన మెసేజీలు బయటికొచ్చాయి. అవి నావి కావనలేదు, సాకులు చెప్పలేదు. క్షమాపణ అడిగాడు. నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ మనిషిని వెళ్లి కలిశాడు. దెబ్బలు తిన్నవాడు ఇంకొకరిని కొట్టడని మనం అనుకుంటాం. 2017లో మన గ్రూపులు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

మన పంచ్‌లో ఏం చేస్తారో మీకు తెలుసు. తప్పు చేసినవాడు అందరి ముందు ఒప్పుకుంటాడు, దండుగ కడతాడు, ఊరికి తిండి పెడతాడు. కలిసి తిన్నాక అతను మళ్లీ మనవాడే. అందులో మాకు నచ్చేది, బాధపడ్డవాళ్లు అక్కడే కూర్చుని ఉండటం. 'చిన్నతనం' అనే మాట వాళ్ల నోటి నుంచి రావాలి. తప్పు చేసినవాడి మేనమామ నోటి నుంచి కాదు.

మన పిల్లవాడు కూడా స్టేటస్‌లో ఒక క్షమాపణ పెట్టాడు: 'ఎవరి మనసైనా నొప్పించి ఉంటే' అని. నొచ్చుకున్నారని తెలిశాక 'ఉంటే' ఎందుకురా అని అడిగాం. తల వంచుకున్నాడు.

కొలువు పోవాలని మాత్రం మేం అనం. పెద్దింటి కొడుకు ఇలాగే రాస్తే కుర్రతనం అంటారు, ఆ ఉద్యోగం కాకపోతే ఇంకోటి చూసుకుంటాడు. మనవాడు రాస్తే 'వాళ్ల బుద్ధే అంత' అని జాతి మొత్తాన్నీ అంటారు. అతని ఇంట్లో ఇది మొదటి జీతం. ఈ మాట ఆ స్క్రీన్‌షాట్ పంపినవాళ్లకూ చెప్పాం. ఒకాయన ఒప్పుకోలేదు. "నా బిడ్డ ఆ పోస్టు చూసి రెండు నెలలు కాలేజీకి పోలేదు, ఆ రెండు నెలలు ఎవరిస్తారు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఆదివారం ఆయన తండాకు వెళ్తున్నాం. పిల్లవాడూ వస్తున్నాడు. ఏం మాట్లాడాలో రాసివ్వమన్నాడు. రాసివ్వలేదు.