మూడు రోజుల గురువు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాల పండుగలో గురువుల ప్రస్తావన రాకపోదు. ముప్ఫై ఏళ్ళపాటు అదే గదిలో, అదే నల్లబల్ల ముందు నిలిచి పాఠం చెప్పిన వారి పేర్లు ఈ సభలో ఉదయం నుంచి వినబడుతూనే ఉన్నాయి. ఈ ప్రసంగానికి విషయం మాత్రం వేరొక తరహా గురువు. ఆయన మూడు రోజులే ఉంటాడు. పిల్లల పేర్లు ఆయనకు తెలియవు. వారికి ఓనమాలు నేర్పినవాడూ కాడు. నాలుగోనాటికి ఊళ్ళో ఉండడు. అయినా ఆ మూడు రోజులనూ విద్యార్థులు చిరకాలం తలచుకుంటారు. అమెరికాలో హైస్కూలు విద్యార్థుల ‘ఆనర్ బ్యాండు’లకు నాయకత్వం వహించే అతిథి కండక్టరే ఆ గురువు.

కండక్టరు అనగానే బస్సులో టిక్కెట్టు చింపి ఇచ్చే ఆయన గుర్తుకు వస్తే తప్పు లేదు. మన కచేరీలో చేతికర్ర పట్టుకొని ఎదుట నిలబడేవారు ఎవరూ ఉండరు. గాయకుణ్ణి వయొలిన్ అనుసరిస్తుంది, మృదంగం అనుసరిస్తుంది, తాళం తొడమీద నడుస్తుంది. పోల్చదగినవాడు నాట్యకచేరీలో తాళాలు పట్టి నర్తకిని నడిపే నట్టువనారు. అయితే నట్టువనారి తాళాలు మోగుతాయి, జతులు వినిపిస్తాయి. ఈ కండక్టరు చేతిలోని సన్నని పుల్ల మోగదు. కచేరీ మొత్తంలో ఒక్క స్వరమైనా పలకనివాడు ఆయన ఒక్కడే. బ్యాండు అంటే పెండ్లి ఊరేగింపు మేళమూ కాదు. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్, సాక్సఫోన్, ట్రంపెట్, ఫ్రెంచి హార్న్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా, రకరకాల డ్రమ్ములు కలిసి ఎనభై తొంబై మంది సభామందిరంలో కూర్చుని వాయించే గంభీరమైన వాద్యబృందం అది. పాశ్చాత్య బ్యాండు వరుసలు దక్షిణదేశానికి కొత్త కావని ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వర సాహిత్యాలు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికా పాఠశాలల్లో బ్యాండులు విరివిగా వెలిశాయి. సైన్యంలో బ్యాండు వాయించి తిరిగివచ్చినవారు ఉపాధ్యాయులుగా కుదిరారు. ఊరి బ్యాండులు క్షీణిస్తున్న రోజులవి గనుక వాద్యాల తయారీదారులు బడులవైపు చూశారు. 1923లో చికాగోలో జరిగిన జాతీయ పాఠశాల బ్యాండు పోటీకి వారి ప్రోత్సాహమే ఆధారం. వ్యాపారం కోసమే కావచ్చు, పిల్లల చేతికి వాద్యం వచ్చింది.

పోటీలో ఒక బడి మరొక బడిని ఓడిస్తుంది. ఆనర్ బ్యాండు దానికి భిన్నం. వేర్వేరు బడుల నుంచి ఏరిన పిల్లలు, నిన్నటిదాకా ప్రత్యర్థులైనవారు, ఒకే స్వరలిపి కాగితం చూసి పక్కపక్కనే వాయిస్తారు. ఈ ఆలోచనకు జాతీయస్థాయిలో రూపమిచ్చినవారిలో జోసెఫ్ మేడీ ముఖ్యుడు. 1926లో డెట్రాయిట్ నగరంలో సంగీతోపాధ్యాయుల మహాసభ జరిగినప్పుడు అనేక రాష్ట్రాల నుంచి రెండువందలకు పైగా హైస్కూలు విద్యార్థులను రప్పించి ఆర్కెస్ట్రాగా కూర్చినది ఆయనే. అది తంత్రీవాద్యాలు కూడా ఉన్న బృందమే గాని బ్యాండు కాదు. అయినా పద్ధతి ఇదే. దానికి అతిథి కండక్టరుగా నిలిచినవాడు డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రా నాయకుడు ఆసిప్ గబ్రిలోవిచ్. రచయిత మార్క్ ట్వేన్‌కు అల్లుడు. మహాసభ ముగిశాక పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోవడం మేడీకి రుచించలేదు. 1928 వేసవిలో మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్లాకెన్ అనే చోట, పైన్ చెట్ల నడుమ, సంగీత శిబిరం ప్రారంభించాడు.

1931 జూలైలో ఆ శిబిరానికి జాన్ ఫిలిప్ సూసా అతిథిగా వచ్చాడు. అప్పటికి ఆయనకు 76 సంవత్సరాలు. 1880 నుంచి 1892 వరకు అమెరికా మెరైన్ దళపు బ్యాండుకు నాయకుడు. 1896లో ఆయన కూర్చిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ అనే మార్చి వినని అమెరికన్ ఉండడు. శిబిరం కోసం ‘నార్దరన్ పైన్స్’ అనే కొత్త మార్చి రచించి, పిల్లల చేత తానే వాయింపజేశాడు. ఆ రోజు పెద్ద డ్రమ్ము వద్ద నిలబడినవాడు క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన పదిహేడేళ్ళ ఫ్రెడరిక్ ఫెనెల్. మరుసటి సంవత్సరం మార్చిలో సూసా పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణపు బ్యాండుకు అతిథి కండక్టరుగా వెళ్ళాడు. సాధన ముగించి హోటలు గదికి చేరిన ఆ రాత్రే కన్నుమూశాడు. డ్రమ్ము వాయించిన పిల్లవాడు 1952లో రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ విండ్ ఎన్‌సెంబుల్ స్థాపించి, ఒక్కొక్క స్వరభాగానికి ఒక్క వాద్యకారుడే బాధ్యుడనే పద్ధతిని నెలకొల్పాడు. 2004లో మరణించేవరకు లెక్కకు మిక్కిలి విద్యార్థి బృందాల ముందు తానే అతిథిగా నిలిచాడు. పదిహేడో ఏట చూసిన ఆ ముసలి చేతుల కదలిక ఎంతకాలం పనిచేసిందో ఎవరు కొలవగలరు?

పిల్లలను ఏరడం ఎలాగో చూడాలంటే టెక్సస్ రాష్ట్రం మంచి ఉదాహరణ. అక్కడి సంగీతోపాధ్యాయ సంఘం 1920లో బ్యాండు ఉపాధ్యాయుల సంఘంగా పుట్టింది. వాయించవలసిన అభ్యాసపాఠాలను ముందుగానే ప్రకటిస్తారు. వేసవి సెలవులంతా సాధన. పరీక్షనాడు విద్యార్థి న్యాయనిర్ణేతలకు కనబడడు. పేరు చెప్పకూడదు, ఒక సంఖ్య మాత్రమే. నల్లవాడో తెల్లవాడో, ఆడపిల్లో మగపిల్లవాడో, ఏ బడివాడో తెలియకుండా ధ్వనికే మార్కులు. ప్రాంతీయస్థాయిలు దాటుకుంటూ చివరికి రాష్ట్రస్థాయికి చేరినవారు ఏటా ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో నగరంలో సమావేశమవుతారు. అన్నిచోట్లా ఇంత విస్తారమైన ఏర్పాటు ఉండదు. కొన్ని విశ్వవిద్యాలయాలు బ్యాండు ఉపాధ్యాయుల సిఫారసు మీదనే పిల్లలను పిలుస్తాయి.

ఎంపికైన పిల్లలకు స్వరలిపి ముందే చేరుతుంది. కచేరీకి నాలుగైదు రచనలు. ఒకటినుంచి ఆరువరకు ఉండే కాఠిన్యపు మెట్లలో తరచు అయిదో ఆరో మెట్టువి. వాటిని నిర్ణయించేది అతిథి కండక్టరే. ఏ బృందాన్నీ వినకముందే ఆయన ఈ నిర్ణయం చేయాలి. తేలికవి ఇస్తే తెలివైన పిల్లలు విసుగుచెందుతారు. మరీ కఠినమైనవి ఇస్తే మూడు రోజులూ స్వరాలు కుదర్చడంతోనే సరిపోతుంది, సంగీతానికి వేళ మిగలదు. ఆయన అనుభవం మొదట బయటపడేది ఇక్కడే.

మొదటి పూట సాధన గదిలో ఒక విచిత్రం జరుగుతుంది. వచ్చిన ప్రతి విద్యార్థీ తన బడిలో మొదటి కుర్చీవాడు. అక్కడ మిగిలినవారందరూ ఇతనిని విని సర్దుకునేవారు. ఇతనికి ఎవరినీ వినే అవసరం కలగలేదు. ఇప్పుడు ఇరవైమంది క్లారినెట్ల మధ్య పదహారో కుర్చీ దొరికింది. అభిమానం దెబ్బతిని కొందరు మరింత గట్టిగా ఊదుతారు. కొందరు భయపడి ఊదినట్లు నటిస్తారు. స్వరం తప్పేవారు లేరు, అయినా బృందం లేదు. తొంబైమంది ప్రథములు ఒక గదిలో ఉన్నారు, అంతే.

అతిథి చేయవలసిన అసలు పని వినడం నేర్పడం. మంచివారు ఉపన్యాసం చేయరు. వాద్యాలు ఒడిలో పెట్టించి పిల్లల చేత స్వరం పాడిస్తారు. పాడలేని స్వరాన్ని ఊదడం కష్టమని వారికే తెలిసివస్తుంది. బాఖ్ రచించిన నిదానమైన భజన వరుసలు వాయింపజేసి, పక్కవాని ధ్వని వినబడకపోతే మీ ధ్వని ఎక్కువైనట్లే అని చెబుతారు. ఆర్కాన్సాలో అధ్యాపకుడైన ఫ్రాన్సిస్ మెక్‌బెత్ 1972లో ప్రచురించిన గ్రంథంలో దీనిని శాస్త్రీయంగా వివరించాడు. బృందం మొత్తం గట్టిగా వాయించినప్పుడు చెవికి హెచ్చుగా తగిలేవి తారస్థాయి వాద్యాలు. అందుచేత పైవి తగ్గాలి, కిందివి పెరగాలి. మన గుడి గోపురం వలె పునాది విశాలంగా, శిఖరం సన్నగా ఉండాలన్నమాట. వెనుక వరుసలో ఎవరి కంటా పడని ట్యూబా పిల్లవాడే తంబురా వంటి ఆధారమని ట్రంపెట్ పిల్లవాడికి ఆనాడు తెలుస్తుంది. అతని ధ్వని మీద తన ధ్వనిని ఆనించగలిగిన క్షణాన శ్రుతి తనంతట తాను కుదురుతుంది. మూడు రోజుల చదువులో ఇంతకన్న విలువైన పాఠం లేదనవచ్చు.

పెర్సీ గ్రెయింజర్ రచించిన ‘లింకన్‌షైర్ పోజీ’ కథ ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రెయింజర్ 1905, 1906 సంవత్సరాలలో ఇంగ్లండులోని లింకన్‌షైర్ పల్లెలు తిరిగి వృద్ధులు పాడిన జానపద గీతాలు సేకరించాడు. మైనపు గొట్టాల ఫోనోగ్రాఫు మీద కూడా పట్టాడు. మన పల్లెల్లో వలెనే ఆ వృద్ధులూ తాళాన్ని తమ ఊపిరి కొలతతో పాడుకున్నారు. దానిని సరిదిద్ది సమతాళంలో పెట్టడానికి గ్రెయింజర్ ఒప్పుకోలేదు. 1937లో ఆ గీతాలలో ఆరింటిని బ్యాండుకు కూర్చినప్పుడు పాడినవారి పోకడలను అలాగే ఉంచాడు. ఒకచోట తాళం గుర్తే లేదు. కండక్టరు చేయి ఎప్పుడు దిగితే అదే దెబ్బ. మిల్వాకీ నగరంలో ఆయన స్వయంగా నడిపిన మొదటి ప్రదర్శనలో పెద్దవారే ఆ లయ పట్టుకోలేక, ఆరింటిలో మూడింటిని వదిలివేయవలసి వచ్చింది. అచ్చయిన వాద్యప్రతులలో తప్పులు కూడా మెండు. ఆ తప్పులు ఏరి 1987లో సవరించిన ప్రతిని సిద్ధంచేసినవాడు, ఒకనాటి డ్రమ్ము పిల్లవాడు ఫెనెల్. నాడు పెద్దలు వదిలివేసిన రచనను నేడు ఆనర్ బ్యాండుల పిల్లలు ఆరు భాగాలూ వాయిస్తున్నారు. లెక్కపెట్టుకుంటూ తలవంచుకొని వాయించడానికి అందులో వీలు లేదు. తల ఎత్తి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిని నమ్మాలి. అతిథి కండక్టర్లకు ఆ రచన మీద మక్కువ ఉండడం సహజమే.

ఈ వేదికపైకి స్త్రీలు రావడానికి చాలాకాలం పట్టింది. 1929లో ఏర్పడిన అమెరికన్ బ్యాండ్‌మాస్టర్ల సంఘంలో మొదటి మహిళా సభ్యురాలిగా గ్లాడిస్ రైట్ ఎన్నికైనది 1984లో. నడుమ యాభై అయిదు సంవత్సరాలు. క్లారినెట్ల వరుసలో అమ్మాయిలు ఎప్పటినుంచో ఉన్నారు. ఎదుట నిలబడి చేయి ఎత్తవలసిన చోటనే జాగు జరిగింది.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. తెర వెనుక పరీక్షలో ముఖం కనబడదు గాని, ఇంటికి వచ్చి ప్రత్యేకంగా పాఠం చెప్పే మాస్టరు ఉన్న పిల్లకూ లేని పిల్లకూ తేడా ధ్వనిలో వినబడుతూనే ఉంటుంది. ఓబో, బసూన్ వంటివి ఖరీదైన వాద్యాలు. బీద ప్రాంతపు బడికి అవి ఉండవు, ఉన్నా మరమ్మతు ఉండదు. ఎంపిక కాని పిల్లవాని సంగతి మరొకటి. వేసవంతా సాధన చేసి, అర మార్కు తేడాతో మిగిలిపోయినవానికి మరునాడు తరగతిలో ఏం చెప్పాలి? ఆ బాధ్యత అతిథిది కాదు, ఇంటి బడి ఉపాధ్యాయునిదే. అతిథులలో కూడా అందరూ ఒకటి కాదు. సొంత విజయగాథలతో సగం పూట గడిపేవారు ఉంటారు. పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. కచేరీలో మాత్రం మొదటిరోజు పొరపాట్లే మళ్ళీ వినబడతాయి.

కచేరీ రోజున కరపత్రం మీద అతిథి పేరు పెద్ద అక్షరాలలో, ఛాయాచిత్రంతో సహా ఉంటుంది. విద్యార్థి పేరు పక్కన బడి పేరు ఉంటుంది. ఆ పిల్లకు పదకొండో ఏట క్లారినెట్ చేతికిచ్చి, పెదవి ఎలా పెట్టాలో, ఊపిరి ఎక్కడ దాచాలో నేర్పిన మాస్టరు పేరు కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఆయన ఎక్కడ ఉంటాడో తెలుసుకోవాలంటే సాధన గది వెనుక గోడ వైపు చూడాలి. తన విద్యార్థులను తీసుకువచ్చిన ఉపాధ్యాయులు అక్కడ మడతకుర్చీలలో కూర్చుని, స్వరలిపి మోకాళ్ళమీద పెట్టుకొని, అతిథి ఎక్కడ ఆపాడో, ఏ మాటతో ఆ తప్పు తీరిందో పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ ఉంటారు. మంచి అతిథికి ఆ వెనుక వరుస కూడా తన తరగతేనని తెలుసు. పిల్లలతో పాటు వారికీ వినబడేటట్లు మాట్లాడతాడు. మూడేళ్ళ పునాది లేనిదే తన మూడు రోజులకు విలువ లేదని ఎరిగి, కచేరీ చివర వారిని లేచి నిలబడమని కోరేవారు కూడా ఉన్నారు.

డాలస్, హ్యూస్టన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ బ్యాండులలో కనిపిస్తారు. వారాంతంలో త్యాగరాజ కృతి పాడి, వారమంతా ఫ్లూటు ఊదే పిల్లకు ఇక్కడ తంబురా, అక్కడ ట్యూబా. ఇంట్లో సంగీతం క్లాసుకూ బడిలో బ్యాండుకూ వేళలు కుదరక తల్లులు సతమతమవుతారు. ఒకటి మానిపించాలనే తొందర వారికి లేకపోతే మంచిది. చెవికి రెండు చదువులు బరువు కావు.

శనివారం సాయంకాలం కచేరీ ముగుస్తుంది. అతిథి విమానాశ్రయానికి వెళతాడు. సోమవారం ఉదయం ఆ పిల్ల తన బడిలో, తన పాత మొదటి కుర్చీలో ఉంటుంది. చుట్టూ నిరుడే వాద్యం పట్టిన పిల్లలు, శ్రుతి కుదరని ట్రంపెట్లు, మూత సరిగా పడని పాత సాక్సఫోన్. మాస్టరు చేయి ఎత్తుతాడు. ఈసారి ఆమె ముందుగా వెనక్కి తిరిగి, ట్యూబా వాయించే కుర్రవాడు ఊపిరి తీసుకున్నాడో లేదో చూస్తుంది.