అక్షరం తడబడినా, మాట తడబడదు

డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు చదవబోతే తడబడతాడు గానీ, విన్న డైలాగు ఇట్టే పట్టేస్తాడు. మరి థియేటర్ కోర్సులో చేరతానంటే? కాలేజీ పేరు కంటే ముందు, అక్కడ ఆడిషన్ ఎలా చేస్తారో కనుక్కోండి. కాగితం చేతికిచ్చి అప్పటికప్పుడు చదవమంటే మనవాడు బిగుసుకుపోతాడు. అదే సన్నివేశం రెండు రోజుల ముందు ఇస్తే, ఎవరిచేతనో చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకుని, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ కంఠతా పట్టేస్తాడు. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు పెద్దవాళ్ల మాట వింటూనే కదా స్టేజీ ఎక్కింది!

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ శాఖలున్నాయి. వీలైతే ఓ సాయంత్రం రిహార్సల్ చూసి రండి. మాట మరిచిన కుర్రాణ్ని కసురుతున్నారా, పక్కనుంచి మెల్లగా అందిస్తున్నారా? బ్రోచర్‌లో దొరికే సంగతి కాదది.

నటనొక్కటే కాదు, థియరీ పేపర్లూ రాయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియానూ వైకల్యంగా గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువపత్రం ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం కోటా వర్తిస్తుంది. రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, అవసరమైతే రాసిపెట్టే మనిషి. అడగడానికి మొహమాటపడకండి, దరఖాస్తు నింపే రోజే వైకల్యం గడిలో టిక్కు పెట్టేయండి.