బీబీ నాంచారమ్మ అసలు పేరేమిటి?

(కోనసీమలోని నగరంలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మసీదులోంచి వచ్చే అజానూ, గుడి గంటా రెండూ వింటూ పెరిగినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకే ఒక కథలోని స్త్రీ గురించి మీతో మాట్లాడాలనుకున్నాను.

మా అమ్మమ్మ చెప్పేది. ఢిల్లీ సుల్తాను కూతురట. సైన్యం దక్షిణాది నుంచి ఎత్తుకెళ్లిన స్వామి విగ్రహంతో ఆడుకుని, దాన్నే ప్రేమించింది. విగ్రహాన్ని తిరిగి తీసుకుపోతుంటే వెంట వచ్చి స్వామిలో కలిసిపోయింది. ఆమే బీబీ నాంచారమ్మ. కర్ణాటకలోని మేల్కోటెలో ఈ కథను రామానుజులతో ముడిపెట్టి చెబుతారు. కడప పక్కనున్న దేవుని కడపకు ఉగాది నాడు ముస్లిములు వచ్చి కొబ్బరికాయ కొడతారు. ఆమె తమ ఆడపడుచు, వేంకటేశ్వరుడు తమ అల్లుడు అని వారి నమ్మకం.

ఈమె చరిత్రలో దొరికే మనిషి కాదు, భక్తుల కథల్లో పుట్టిన పాత్ర. చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు ఏడుపొచ్చేది. సమాజశాస్త్రం చదివాక కోపం వచ్చింది. 'బీబీ' అన్నా, 'నాంచారి'కి మూలమైన తమిళ 'నాచ్చియార్' అన్నా గౌరవంగా అమ్మగారు అనడమే. మరో పేరు 'సురతాని' అంటే సుల్తాను కూతురు. ఇంత భక్తి చూపిన మనిషికి సొంత పేరు మిగల్లేదు. మత సామరస్యానికి ఆమెను గుర్తుగా చూపిస్తాం. కానీ ఆమె విశ్వాసానికి భార్య కావడం తప్ప మరో దారిని కథ ఇవ్వలేదు. భాగమతి కథలోనూ అంతే. సుల్తానును పెళ్లాడి హైదర్ మహల్ అయిందంటారు.

అయినా ఆమెను వదులుకోలేకపోతున్నాను. శ్రీరంగంలో ఆమె కోసం స్వామికి రొట్టెలు నైవేద్యం పెడతారు. అంటే ఆమె పుట్టింటి తిండిని మానుకోమనలేదు, దేవుడే తింటున్నాడు! ఈపాటి మర్యాద మన ఇళ్లలో కోడళ్లకు ఉందా?

సలహా కోసం వచ్చిన ఒకమ్మాయి నన్నడిగింది: "పేరు మార్చుకోకుండా పెళ్లి కుదరదా అక్కా?" 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లి కావాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. నిఖా అంటే హిందూ అమ్మాయిని మతం మారమంటారు. ఎవరి మతంలో వాళ్లుండి పెళ్లి చేసుకోవడానికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కానీ 30 రోజుల ముందు నోటీసివ్వాలి, దాన్ని అందరికీ కనబడేలా ఆఫీసులో అంటిస్తారు. దాన్ని ముందుగా చదివేది ఎవరో, ఆ కబురు ఎవరింటికి చేరుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ నెల రోజులూ ఆ అమ్మాయి ఎక్కడ తలదాచుకోవాలి? ఇది మన సంఘాలు ఇప్పుడే కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

అలాంటి అమ్మాయి మీ గడపలోకి వస్తే ముందు మతం అడక్కండి. "నీ పేరేంటమ్మా?" అని అడగండి. ఆమె చెప్పిన పేరుతోనే పిలవండి.