పనికి ముందు అంచనా చీటి



పల్లెలలో మరమ్మతు పనులు పెక్కు నోటిమాట మీదనే నడచుచున్నవి. తలుపు సరిచేయు వడ్రంగి, కరెంటు తీగలు లాగువాడు, బోరు మోటారు బాగుచేయు మెకానిక్కు మొదలగువారు పనిముట్ల సంచి తగిలించుకొని పిలిచిన చోటికి వచ్చెదరు. వీరిలో పెక్కుమందికి అంగడి లేదు. ఉన్నను పని అంగడిలో జరుగదు. అంగడిలోని సరకునకు ధర దానిమీదనే అచ్చువేసి యుండును. మరి వీరి పనికి ధర ఎచ్చట వ్రాసియున్నది? పనివాని మనస్సులో ఒకటి, పని చేయించుకొనువాని మనస్సులో మరియొకటి. పని ముగియువరకు ఆ రెండు అంకెలు ఒకదానినొకటి చూచుకొనవు. తగవులు పుట్టుచోటు అదియే.

బోరు మోటారు సంగతి ఎల్లరు ఎరిగినదే. వరి పొట్ట దశలో నుండగా మోటారు ఆగినది. కొన్ని దినములు నీరు తప్పినచో గింజ తాలుపోవును. రైతు రాత్రికి రాత్రి ఫోను చేయును. "ఎంత అవుతుందయ్యా?" "పైకి తీసి చూస్తేగాని చెప్పలేనండీ." ఈ జవాబు అబద్ధము కాదు. రెండు వందల అడుగుల లోతున కాలినది వైండింగో, అరిగినది బుష్షో, దెబ్బతిన్నది కేబులో గట్టుమీద నిలిచినవానికి పూర్తిగా తెలియదు. మీటరు పెట్టి చూచినచో కొంత తెలియును గాని అంతయు తెలియదు. రైతు తొందరలో "సరే, కానీవయ్యా" అనును. మూడవనాడు నీరు వచ్చును. వెంటనే లెక్కయు వచ్చును. అది రైతు తలచినదానికి రెట్టింపు. "ముందు చెప్పలేదేం?" అని ఒకరు, "మీరు కానిమ్మన్నారుగదండీ" అని ఒకరు. రైతు సగమిచ్చి, తక్కినది పంట వచ్చిన పిదప ననును. రాగితీగ అమ్మిన వర్తకునకు మెకానిక్కు అప్పటికే రొక్కము చెల్లించియుండును. మరుసటి యేడు మోటారు మరల ఆగినపుడు వీరు పిలువరు, వాడు రాడు.

ఇది నేటి తగవు కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణము కారుకరక్షణముతోనే మొదలగును. పని యేది, ఎచ్చట, ఎన్నాళ్ళలో అనునది ముందుగా నిర్ణయించుకొని చేయవలెనని అందు విధి. గడువు దాటినచో కూలిలో నాలుగవ వంతు కోత, దానికి రెట్టింపు దండము. చెప్పిన పని ఒకటి, చేసిన పని ఒకటియైనచో కూలియే లేదు. చాకలి బట్ట ఉతుకవలసిన బండ నున్నగా నుండవలెనని కూడ ఆ మహానుభావుడు విధించెను! అయితే ఆ ప్రకరణమున భయమంతయు పనివాని వలననే. పని చేయించుకొని కూలి ఎగవేయు యజమానులును లోకమున కలరు. కాగితము ఇద్దరిని కట్టివేయవలెను.

ఆ కాగితము గట్టుమీదనే అచ్చువేసి యిచ్చు ఉపాయము నేడు వచ్చియున్నది. అరచేతిలో ఇముడు యంత్రమొకటి నడుమునకు తగిలించుకొనవచ్చును. ఫోనులో లెక్క కట్టి పంపినచో బ్లూటూతు ద్వారా అందుకొని 58 మిల్లీమీటర్ల వెడల్పు గల చుట్టకాగితముపై అచ్చువేయును. దీనికి సిరా అక్కరలేదు. కాగితమునకు పూసిన రసాయనము వేడి తగిలినచోట నల్లబడును, అంతియే. యంత్రము లేనివాడు కార్బను కాగితము పెట్టి రెండు ప్రతులు వ్రాసినను పని జరుగును. కాని అచ్చుచీటిలో అంకె దిద్దుటకు వీలులేదు, దస్తూరి తెలియలేదను మాటయు రాదు.

అయితే తెలియనిదానికి అంచనా ఎట్లు వేయుట? ఒక చీటి చాలదు, రెండు కావలెను. మొదటిది మోటారు తీయకముందు. తీసి మరల దించుటకు 2,000, విప్పి చూచుటకు 300 అనుకొనుడు. లెక్క తీరు చూపుటకే గాని ఈ అంకెలు ధరలు కావు. విప్పినపిదప మరమ్మతు వలదన్నను ఈ 2,300 ఇయ్యవలెనని ఆ చీటిలోనే యుండవలెను. విప్పి చూచినపిదప రెండవ చీటి: రాగితీగతో సహా వైండింగు 4,500, బుష్షులు 800, కొత్త కేబులు 30 మీటర్లు, మీటరు 60 చొప్పున 1,800, వెరసి 7,100. రెండు చీటీలు కలిపి 9,400. పాత కేబులుకు అతుకువేసి సరిపెట్టినచో 7,600. అతుకులో నీరు చొరబడినచో మోటారు మరల ఎత్తవలసివచ్చును. ఆ మాటయు క్రింద వ్రాయవలెను. అప్పుడు ఎంచుకొనువాడు రైతు. పిదప ఆతని ఫిర్యాదునకు తావులేదు. పనివానికిని సొమ్ము అడుగుటకు మొగమాటము లేదు.

"ఇతరములు" అను పద్దు మాత్రము చీటిలో కనబడరాదు. లెక్కలలో దొంగ దూరుటకు అంతకంటె వీలైన దిడ్డి లేదు. యంత్రము సత్యమును, అసత్యమును ఒకే అందముతో అచ్చువేయును. జి.ఎస్.టి. పేర సొమ్ము కలిపిన చీటిపై నమోదు సంఖ్య చూడవలెను. 2017 నాటి ఆ చట్టము క్రింద నమోదు కానివాడు పన్ను వసూలు చేయరాదు. అంచనా చీటి బిల్లు కాదనియు గుర్తుంచుకొనవలెను. పని ముగిసినపిదప బిల్లు వేరుగా అడిగి తీసికొనవలెను. సేవకు నిర్ణీత రీతిని బిల్లు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కింపబడినది.

ఈ కాగితమునకు ఆయుర్దాయము తక్కువ. ఎండలో పెట్టినను, నూనె చేతులు తగిలినను అక్షరములు వెలసిపోవును. ఆరు నెలల హామీ వ్రాసిన చీటి మూడు నెలలకే తెల్లకాగితమైనచో హామీ యెక్కడిది? ఆనాడే ఫోనులో బొమ్మ తీసికొనవలెను. లేదా జిరాక్సు తీయించి దాచవలెను.

తుదకు భాష. ఈ చిన్న యంత్రములలో పెక్కింటికి తెలుగు అక్షరములు రావు. కావున అంతయు ఇంగ్లీషున అచ్చువేసి, చదువురాని ముసలమ్మ చేతబెట్టి వ్రేలిముద్ర వేయించుకొనుట జరుగును. చీటిని తెలుగున కూర్చి బొమ్మగా పంపినచో ఆ యంత్రమే తెలుగును అచ్చువేయును. తరువాత పనివాడు పద్దు వెంబడి పద్దు ఆమెకు చదివి వినిపించవలెను. "ఈ బల్బులు నాకెందుకు నాయనా?" అని ఆమె యనినచో, ఆ పద్దు అక్కడనే తీసివేసి, మరియొక చీటి అచ్చువేసి యియ్యవలెను. అందులకు పట్టునది జానెడు కాగితము.