ఫోనుకి ఇవతల

(స్వర్ణోత్సవ సభలో 2004 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్లలో ఒక గుండె డాక్టరు గారున్నారు, ఒక తహసీల్దారు గారున్నారు, అమెరికాలో సొంత కంపెనీ పెట్టిన అన్నయ్య ఉన్నారు. కార్యదర్శి గారు ఫోన్ చేసి "నువ్వు కూడా నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు మాట్లాడమ్మా" అన్నప్పుడు, "నాది ఫోన్లెత్తే ఉద్యోగమండీ, దాని గురించి ఏం చెప్పను?" అన్నాను. "మేమందరం ఫోన్ చేసి అరిచేవాళ్లమే కదా, అవతల ఏం జరుగుతుందో మాకెవరు చెప్పారు? అదే చెప్పు" అన్నారు. అందుకని వచ్చాను.

ఇళ్లు, స్థలాలు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ప్రకటనలు పెట్టుకునే వెబ్‌సైట్లు మీకందరికీ తెలుసు. అలాంటి ఒకదానికి హైదరాబాదులో, మాదాపూర్‌లో, తెలుగువాళ్ల కోసం కాల్ సెంటర్ ఉంది. 2012 నుంచి అక్కడ పని చేస్తున్నాను. ఏ సైటో చెప్పను. చెబితే భోజనాల దగ్గర నన్ను తిననివ్వరు. ఇప్పటికే ఈ సభలో ఒకరికి తెలిసిపోయింది, ఆయన సంగతి చివర్లో చెబుతాను.

రోజుకి 70, 80 కాల్స్ వస్తాయి. ఒక్కొక్కటి నాలుగు నిమిషాల్లో ముగించాలి. ఇంటి ఓనరు పొద్దున్న తొమ్మిదింటికి ప్రకటన పెడతారు. పదింటికల్లా ఆయనకి 30 ఫోన్లు. వాటిలో అద్దెకి దిగేవాళ్లవి రెండు, మిగతావి బ్రోకర్లవి. పదకొండింటికి మాకు ఫోన్: "నా నంబరు ఎంతకి అమ్ముకున్నారమ్మా?" ఆ నంబరు ప్రకటనలో పెట్టింది ఆయనే. ఆ మాట అనకూడదు. అంటే ఇంకో పావుగంట.

బ్రోకర్లది ఇంకో గోల. ఒకే ఫ్లాటుని ఐదుసార్లు, ఐదు ధరలతో పెడతారు. నాలుగు తీసేస్తే "మీ మేనేజర్‌కివ్వు" అంటారు. ఈ మాట రోజుకి పదిసార్లు వింటాం. రెండేళ్ల నుంచి టీమ్ లీడర్‌ని నేనే కాబట్టి పక్క సీటు అమ్మాయి కాల్ నాకిస్తుంది. ఆ అమ్మాయి చెప్పిందే నేనూ చెబుతాను, కాస్త నెమ్మదిగా. "చూశావా, పెద్దవాళ్లు ఇలా మాట్లాడతారు" అని సంతోషంగా పెట్టేస్తారు.

బిల్డర్లు అరవరు, బెదిరిస్తారు. 2016లో రెరా చట్టం వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా ఆ ప్రాజెక్టుని రెరాలో రిజిస్టరు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు. "నంబరు రేపు వస్తుంది, నువ్వు ఇవాళ పెట్టెయ్" అంటారు. కొందరికి ఆ రేపు ఏడాదికి కూడా రాదు. వీళ్లతో నాకు కష్టం లేదు. చట్టం ఉంది, వెనక్కి ఆనుకోవచ్చు.

కష్టమంతా చట్టం లేని చోట. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఎకరానికి 4840 గజాలు, సెంటుకి 48.4 అని మీరు మా చేత వల్లె వేయించారు కదండీ, నా ఉద్యోగంలో నేను రోజూ వాడిన చదువు అదొక్కటే. మా సైటులో గజాలు, చదరపు అడుగులే ఉంటాయి. భీమవరం నుంచి ఒకాయన ఎనిమిది సెంట్లంటారు, వరంగల్ నుంచి ఇంకొకాయన మూడు గుంటలంటారు, నెల్లూరు వాళ్లు అంకణాలంటారు. ఎనిమిది సెంట్లంటే 387 గజాలని నేను టక్కున చెబితే "కంప్యూటరులో చూసి చెప్పమ్మా, నోటికొచ్చింది కాదు" అన్నారు ఒకాయన. మాస్టారూ, ఆ అవమానం నాది కాదు, మీది.

దిక్కుల తగాదా ఇంకా పెద్దది. అపార్ట్‌మెంటు గేటు పడమర, ఫ్లాటు సింహద్వారం తూర్పు. సైటులో "పడమర" అని పడితే ఆ ఇంటికి ఎవరూ రారు. "మా ఇంటికి దోషం అంటగట్టావు" అని ఒకావిడ ఏడ్చేశారు. అలాంటివి సరిచేస్తే పోతుంది. సరిచేయలేనివి కొన్ని ఉంటాయి. "ఫోన్ చేసినవాళ్లు ఏ కులమో, ఏ మతమో కనుక్కుని, ఫలానా వాళ్లయితేనే నా నంబరివ్వు" అంటారు. చాలా మర్యాదగా అంటారు, అమ్మా తల్లీ అంటూ. "అలాంటి గడి మా దగ్గర లేదండీ" అంటాను. అరిచేవాళ్ల మీద రాని కోపం నాకు ఇక్కడ వస్తుంది. కోపం వచ్చినా గొంతులో తెలియకూడదు, మార్కులు పోతాయి. అవును, మాకు ఇప్పటికీ మార్కులున్నాయి. ప్రతి కాల్ రికార్డవుతుంది, వారానికి కొన్ని తీసి క్వాలిటీ వాళ్లు దిద్దుతారు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చిన వారం అమరావతి చుట్టుపక్కల స్థలాలున్న వాళ్లంతా మాకే ఫోన్ చేశారు, మేమే రాజధాని కదిపినట్టు. 2020లో లాక్‌డౌన్ వస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని మన ఊరొచ్చేశాను. మా పెరట్లో కూర్చుని కాల్స్ తీసుకునేదాన్ని. వెనకాల కోడి కూసేది. "ఆఫీసులో కోడేంటమ్మా?" అని ఒకరు అడిగారు. డల్లాస్ నుంచి ఫోన్ చేసిన ఒకాయన మాత్రం పని అయిపోయినా పెట్టలేదు, "ఇంకోసారి కూస్తుందేమో ఉండండి" అన్నారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

2022లో మన గోదావరి జిల్లాల్లోనే ఒక టౌను నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసేవారు. రిటైరైన మనిషి, భార్యాభర్తలిద్దరే ఉంటున్నారు, పిల్లలు దూరం. ఇంటి పై వాటా అద్దెకి పెట్టారు. రోజూ పదీ ఐదుకి కాల్. ఒకరోజు ఫొటో మసగ్గా ఉందని. మర్నాడు "పై వాటా" అని రాస్తే సైటు "మొదటి అంతస్తు" అని ఎందుకు మార్చిందని. ఇంకోరోజు వంటింట్లో గట్టు నల్లరాయి, అది రాయలేదని. ప్రతిదానికీ కేక. "మీకు జీతాలెందుకిస్తున్నారు?" అన్నది ఆయన నమస్కారంతో సమానం. మేం ఆయనకి పై వాటా తాతగారని పేరు పెట్టాం. ఆయన నంబరు తెర మీద కనబడితే ఎవరికి పడిందా అని నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు నాకు పడింది. మొదలెట్టడమే స్నానాలగది పలకల రంగు గురించి. నేను మైకు మ్యూట్‌లో పెట్టాను. పక్క సీటు అమ్మాయి కొత్తగా పెళ్లయి వచ్చింది, అత్తగారు పంపిన సున్నుండల డబ్బా విప్పుతోంది. అర నిమిషానికొకసారి మ్యూట్ తీసి "అవునండీ", "అలాగేనండీ" అనడం, మళ్లీ పెట్టేయడం. ఈ విద్యలో నేను పదేళ్ల సీనియర్‌ని. చివర్లో ఆయన గొంతు పైకి లేచి, ప్రశ్నలాగా ఆగింది. "అయితే వాళ్లు చెప్పినట్టే చేయొచ్చంటావా అమ్మా?" అన్నారు. "తప్పకుండా చేయండి సార్. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నాను. "వద్దమ్మా" అని పెట్టేశారు. అరవకుండా పెట్టేశారేమిటి అనుకున్నాను. సున్నుండ తిన్నాను.

మర్నాడు పదీ ఐదుకి ఫోన్ రాలేదు. మధ్యాహ్నం వచ్చింది. గొంతు చిన్నగా ఉంది. "38,000 పోయాయమ్మా" అన్నారు.

జరిగింది ఇదీ. ప్రకటన చూసి ఒకడు ఫోన్ చేశాడు. మిలటరీలో ఉన్నాను, మీ ఊరికి బదిలీ అయింది, ఇల్లు చూడక్కర్లేదు, నచ్చింది, అడ్వాన్సు ఇప్పుడే పంపుతాను అన్నాడు. యూనిఫాంలో ఫొటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌లో పంపాడు. మా మిలటరీ ఖాతా పద్ధతి వేరు, నేను పంపిన క్యూఆర్ కోడ్ మీరు స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీకు వస్తుంది అన్నాడు. పెద్దాయనకి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చి, అడగడానికి ఉన్న ఒకే ఒక్క నంబరు మాది కాబట్టి మాకు చేశారు.

రికార్డింగు తీయించుకుని విన్నాను. ఆరు నిమిషాలు. నాలుగు నిమిషాలు పలకల రంగే. నన్ను నేను వెనకేసుకురావడం కాదు గానీ, ఆ నాలుగు నిమిషాలు ఎవరూ వినలేరు. ఐదో నిమిషంలో అదే గొంతుతో, అదే విసురుతో, "మీ సైటులోంచే మిలటరీ ఆయన చేశాడు, నాకు డబ్బు రావడానికి నేను పిన్ కొట్టాలంటున్నాడు, ఇదేం పద్ధతి" అన్నారు. నేను "అవునండీ" అన్నాను. స్పష్టంగా, తీయగా ఉంది నా గొంతు.

ఆ వారం క్వాలిటీ వాళ్లు దిద్దడానికి తీసిన కాల్స్‌లో అదీ ఒకటి. నమస్కారం చెప్పినందుకు, సార్ అన్నందుకు, గొంతు పెంచనందుకు, చివర్లో ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగినందుకు 100కి 94 వేశారు. ఆరు మార్కులు కాల్ ఎక్కువసేపు సాగినందుకు తగ్గించారు. ఈ బడిలో నాకు ఎప్పుడూ అన్ని మార్కులు రాలేదు, లెక్కల మాస్టారిని అడగండి.

పై అధికారికి చెప్పాను. డబ్బు లావాదేవీలకి మనకి బాధ్యత లేదని నిబంధనల్లో రాసి ఉంది, నువ్వేం మాట్లాడకు అన్నారు. ఆయన తప్పు చెప్పలేదు, రాసే ఉంది. పెద్దాయన చేత వెంటనే 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాలకి అది దేశమంతటికీ ఒకటే నంబరు. డబ్బు అవతలి ఖాతాలోంచి తీసేసేలోపు చేస్తే ఆపే ప్రయత్నం చేస్తారు. మాకు అప్పటికే ఒక రోజు దాటింది.

ఆ తర్వాత రికార్డవుతున్న లైనులోనే చెప్పాను. "మీరు నిన్న అడిగింది నేను వినలేదండీ. తప్పు నాది" అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వినకపోతే వినకపోయావులే అమ్మా, నేనూ సోది చెబుతాను, మా ఆవిడే వినదు. మరి వినకుండా అవునని ఎందుకన్నావు?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

ప్రకటన తీసేయమన్నారు. తీసేయడానికి కారణం నొక్కాలి. మా తెర మీద మూడే ఉంటాయి: అద్దెకి ఇచ్చేశాం, మనసు మార్చుకున్నాం, ఇతరములు. ఇతరములు నొక్కాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు. కొన్ని రోజులు పదీ ఐదుకి మా వరసలో అందరం తెర వైపు చూశాం.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి నేను శిక్షణ ఇస్తాను. మొదటి వారం "అలాగేనండీ" అనే మాట వాడనివ్వను. అవతలివాళ్లు అడిగింది తమ మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా అండీ మీరడిగింది?" అన్నాకే అవునో కాదో అనాలి. దీనివల్ల కాల్ నిమిషం పెరుగుతుంది, మా టీముకి మార్కులు తగ్గుతాయి. ఈ విషయమై నెలనెలా నాకు చీవాట్లు పడుతున్నాయి. పడనీ.

ఇక్కడ రిటైరైన మాస్టార్లున్నారు, పై వాటాలు అద్దెకిచ్చుకునేవాళ్లున్నారు కాబట్టి ఒక్క మాట. ఫోన్‌లో డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర్లేదు, కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు మీ దగ్గర్నుంచి పోతున్నట్టే. ఇల్లు చూడకుండా అడ్వాన్సు పంపుతానన్నవాడు ఏ యూనిఫాంలో ఉన్నా పెట్టేయండి. అనుమానం వస్తే నాకు చేయండి, మ్యూట్‌లో పెట్టను.

పది నిమిషాలన్నారు, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మొదట్లో చెప్పానే, ఒకరికి తెలిసిపోయిందని. సోషల్ మాస్టారండీ. స్థలం అమ్మకానికి పెట్టి, పోయిన నెలలో మాకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశారు. మా అమ్మాయిలు భయపడి నాకిచ్చారు. గొంతు వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అలవాటు కదా. మాస్టారూ, మీరు సరిహద్దులు నాలుగు దిక్కులా సరిగ్గానే రాశారు గానీ, ఫొటో ఇంకా తలకిందులుగానే ఉంది, రోడ్డు ఆకాశంలో ఉంది. ఇక్కణ్ణుంచి చేస్తే రెండు నిమిషాల పని. భోజనాలయ్యాక ఫోన్ పట్టుకుని ఆ వేపచెట్టు దగ్గరికి రండి.